సర్కారు సేన - సొంత సరకు

(గండికోటలో జరిగిన పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



మనమీ సాయంకాలము కూర్చున్న చోటికి ఎదురుగా ధాన్యాగారము కనబడుచున్నది. దాని సమీపముననే జుమ్మా మసీదు. కొంత దూరమున మాధవరాయస్వామి ఆలయము, రంగనాథస్వామి ఆలయము. వెనుక ఎఱ్ఱమల కొండలను నిలువునా కోసికొని పాఱు పెన్నానది. సెలవు దినములలో ఈ లోయను చూచుటకై దూరపు పట్టణములనుండి జనులు వచ్చుచున్నారు. వారికి కోటను చూపువారు బురుజులను గూర్చియు, ముట్టడులను గూర్చియు, పెమ్మసానివారి పరాక్రమమును గూర్చియు చెప్పుదురు. అది చెప్పదగినదే. కాని ఈ ధాన్యాగారములోనికి ఎన్ని పుట్ల ధాన్యము వచ్చెను, ఎన్ని పుట్లు బయటికి పోయెను, పోయినది ఎవరి యింటికి పోయెను అని అడిగినవారిని మేమింతవఱకు చూడలేదు. ఇచట యుద్ధము కథ అయినది గాని లెక్క కథ కాలేదు. నేడు మేము చెప్పదలచినది ఆ లెక్కను గూర్చియే.

న్యాయవాది లేచినచో సెక్షన్లతో విసిగించునను భయము మీకు కలుగవచ్చును. సెక్షన్లు లేకపోలేదు. వాటికి ముందు ఈ కోటకు సంబంధించిన వ్యాజ్యమొకటి కలదు. అది ఏ న్యాయస్థానమునందును దాఖలు కాలేదు. ముద్దాయి మరణించి మూడువందల యేండ్లు దాటినది. అయినను సాక్ష్యము మాత్రము చెడలేదు.

ఆ ముద్దాయిని చరిత్ర మీర్ జుమ్లా అని పిలుచుచున్నది. మీర్ జుమ్లా యన్నది పేరు కాదు, పదవి. ఆయన పేరు ముహమ్మద్ సయ్యద్; పారశీక దేశమునందలి అర్దిస్తానువాడు; నూనెవర్తకుని కుమారుడని చెప్పుదురు. వజ్రాల వ్యాపారి కొలువులో గోలకొండ రాజ్యమునకు వచ్చి, తన తెలివిచేత వర్తకుడై, తరువాత అబ్దుల్లా కుతుబ్ షా సుల్తాను కొలువులో ఉద్యోగియై, మచిలీపట్టణపు పాలనాధికారమును సంపాదించి, తుదకు ఆ రాజ్యమునకు మంత్రి యయ్యెను. ఇంతవఱకు ఆక్షేపింపవలసినదేమియు లేదు. బీదవాడు బుద్ధిబలముచేత పైకి వచ్చుట మనకు సంతోషమే. ఆక్షేపణ యెచట మొదలగుననగా, ఉద్యోగమునకు వచ్చిన పిమ్మట ఆయన వర్తకమును మానలేదు. అంగడిని మూయకయే కచేరిని తెఱచెను.

1642వ సంవత్సరమున సుల్తాను సేన కర్ణాటక దండయాత్రకు బయలుదేఱెను. సేనాని మీర్ జుమ్లా. ఖర్చు గోలకొండ బొక్కసమునది. అధికారము గోలకొండ ముద్రది. ఆ బొక్కసము నింపినవారు కృష్ణా గోదావరీ తీరములందలి రైతులు, నేతగాండ్రు. ఆ సేనతో ఆయన విజయనగరపు చివరి రాజులకు మిగిలిన సీమలనొక్కొక్కటిగా జయించుచు వచ్చి, 1650లో ఈ గండికోటను పెమ్మసాని తిమ్మానాయని చేతినుండి లాగికొనెను. కోట పట్టువడినది సుల్తాను పేరిట. అనుభవమునకు వచ్చినది మాత్రము మంత్రి పేరిట. సుల్తాను సేనతో కొట్టిన సీమపై వచ్చిన రాబడితో ఆయన తన సొంత సేనను పోషించెను. మదరాసునుండి ఈ కోటకు వచ్చి ఆయనతో మాటలాడిపోయిన ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగులు, ఆయన సొంతమునకు నాలుగువేల గుఱ్ఱపు రౌతులు, మూడువందల యేనుగులు, సరకులు మోయుటకు పదివేల యెద్దులు కలవని తమవారికి వ్రాసిరి. మచిలీపట్టణపు రేవునుండి ఆయన యోడలు పారసీకమునకును, అరకానునకును, పెగూనకును పోయి వచ్చుచుండెను. మంత్రికి ఓడ ఏల యని అడుగగల మనుష్యుడు గోలకొండలో నొక్కడే యుండెను. ఆయన సింహాసనముపై గూర్చుండియు చాలకాలము అడుగలేదు.

వజ్రపు గనుల సంగతి వినుడు. ఫ్రెంచి వైద్యుడు బెర్నియరు ఆ కాలమున మొగలాయి కొలువులో నుండి తాను కన్నదియు విన్నదియు వ్రాసినవాడు. మీర్ జుమ్లా వజ్రపు గనులను తానొక్కడే, అనేకుల పేర్లు పెట్టి, గుత్తకు తీసికొని త్రవ్వించెననియు, ఆయన వజ్రములను జనులు సంచుల లెక్కన చెప్పుకొనుచుండిరనియు ఆయన వ్రాసెను. అనేకుల పేర్లు పెట్టి! మహాజనులారా, ఈ మూడు మాటలలో మా వృత్తిలోని సగము వ్యాజ్యములున్నవి. గుత్తకు ఇచ్చు రాజ్యాధికారము ఎవరిదో, గుత్తకు పుచ్చుకొను చెయ్యియు వారిదే. నడుమ నెవరో దూరపు చుట్టమో, నమ్మిన బంటో, పేరు మాత్రము అరువిచ్చును. బినామీ యను మాట పారసీకమునుండి మనకు వచ్చినదే. ఆ మాట కోర్టు కాగితములయందు కనబడినప్పుడెల్ల మాకు ఈ కోట జ్ఞప్తికి వచ్చుచుండును.

1652వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో టావర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు ఈ కోటకు వచ్చెను. తన ముత్యములను, రత్నములను గోలకొండ సుల్తానునకు అమ్మదలచి, ముందుగా నిచటికి రావలసివచ్చెను. ఏలయనగా, విలువైన రత్నమేదియు మంత్రి చూడనిదే సుల్తాను కొనడు. ఇందలి వింతను గమనించితిరా? రాజ్యమంతటిలో గొప్ప వజ్రవర్తకుడెవడో, రాజు కొనవలసిన వజ్రమునకు మదింపువేయువాడును వాడే. నేటి మాటలలో చెప్పినచో టెండరు వేసినవాడే టెండరు తెఱచువాడు.

టావర్నియే మీర్ జుమ్లా కొలువు తీరిన విధమును వర్ణించెను. డేరాలో తివాసీపై కాళ్ళు వట్టివిగా కూర్చుండియుండెనట. కాలివ్రేళ్ళ సందులలో కొన్ని జాబులు, ఎడమచేతి వ్రేళ్ళ సందులలో మఱికొన్ని జాబులు. ఒకప్పుడు కాలి సందునుండియు, ఒకప్పుడు చేతి సందునుండియు జాబును తీసి, ప్రత్యుత్తరములను లేఖకులకు చెప్పి వ్రాయించుచుండెనట. కార్యదక్షత మెచ్చుకొనదగినదే. ఆ జాబులలో సుల్తాను జాబేది, ఓడ సరంగు జాబేది, కోటలోని సేన జీతముల జాబేది, గనిలోని బినామీదారుని జాబేది? అది ఆ వ్రేళ్ళకే తెలియవలెను. ఒకే మనుష్యుడు, ఒకే తివాసీ, ఒకే లేఖకులు. రాజ్యపు పని యెచట ముగిసెనో, సొంత పని యెచట మొదలయ్యెనో చెప్పు గీత ఆ డేరాలో లేదు. మేము నేడు చెప్పదలచిన అపరాధము ఆ గీత లేకపోవుటయే. లంచము దానికి తరువాత పుట్టిన సంతానము.

ఆ డేరా ముందఱనే నలుగురు నేరస్థులను నిలిపిరని ఆ వర్తకుడే వ్రాసెను. ఇంటిలో జొఱబడి తల్లిని, పిల్లలను చంపినవాడొకడు, దారి దోచినవాడొకడు, తక్కినవారిద్దఱు. విచారణ ఆ కొలువులోనే ముగిసినది. కాళ్ళు చేతులు నఱుకుట, పొట్ట చీల్చుట, తల తీయుట అను శిక్షలు అచటనే విధింపబడినవి. దారి దోచినవానికి మరణము. పేర్లు మార్చి రాజ్యపు గనిని గుత్తకు పుచ్చుకొన్నవాడు ఆ మరణమును విధించు తివాసీపై నుండెను.

దేవాలయములయందలి రాగి విగ్రహములను పోగుచేయించి ఫిరంగులు పోత పోయింప జూచెనను సంగతియు టావర్నియే వ్రాసినదే. మెయిల్ అను ఫ్రెంచివానికి ఆ పని నొప్పగించిరి. ఈ కోట గుడిలోని విగ్రహములు కొన్ని యెంతకును కరుగలేదట. పని కొనసాగక ఆ ఫ్రెంచివాడు కొలువు విడిచి పోయెను. దీనిని పట్టుకొని మతకలహమునకు కట్టెలు పేర్చువారు కలరు. వారికి మేము చెప్పునదొక్కటే. ఈ మంత్రి దోచిన మొదటి ధనము తన మతమువాడైన తన సుల్తానుది. దేవుని సొత్తును తీసినది రాజ్యమునకై గాని మతమునకై గాని కాదు, తన ఫిరంగికై. సొంతమునకు కావలసివచ్చినప్పుడు ఆయన గుడిసొత్తనియు బొక్కసపు సొత్తనియు భేదము చూడలేదు.

సుల్తానునకు కన్ను తెఱపు వచ్చునప్పటికి పొద్దుపోయినది. రమ్మని పిలిచినను మంత్రి రాక, బిజాపురముతోను, మొగలులతోను మంతనములు నడపుచుండెను. 1655 నవంబరులో మంత్రి కుమారుడు ముహమ్మద్ అమీనును దర్బారులో చేసిన అవినయమునకై సుల్తాను నిర్బంధించెను. అదే మిషగా 1656 జనవరిలో ఔరంగజేబు సేన హైదరాబాదుపై బడినది. నగరము దోపిడీ అయినది, గోలకొండ ముట్టడింపబడినది, సుల్తాను ధనమిచ్చి, కుమార్తెనిచ్చి సంధి చేసికొనెను. మంత్రి మాటయేమి? మార్చిలో ఔరంగజేబును కలిసికొని, ఢిల్లీకి పోయి, వజ్రములు కానుకలిచ్చి, షాజహాను చక్రవర్తికి వజీరయ్యెను. ఈ కర్ణాటక సీమ ఆయనకే జాగీరుగా నిలిచినది. ఒక ప్రభువు సొమ్ముతో సంపాదించిన సీమను వేఱొక ప్రభువునకు చూపి, ఆయన చేత దానినే మరల బహుమానముగా పొందుట! అస్సాము దండయాత్రనుండి తిరిగివచ్చుచు 1663లో ఆయన మరణించెను. శిక్షయన్నమాట ఆయన జీవితమున లేదు. శిక్ష పొందినవారు హైదరాబాదు వీథులలోని జనులు. ఏ మంత్రి ఏ ఓడలో ఏ సరకు పంపెనో ఎఱుగనివారు. కంచె చేను మేయుట యనునది మన సామెత. మేసిన కంచె ప్రక్క చేనికి కంచెగా పోయి, ఆ చేనివాడు వచ్చి మన ఇంటిని దోచుట ఈ కథలోని విశేషము.

నవాబుల కాలము వేఱు, తెల్లవారి కాలమున క్రమము వచ్చెనందురా? మీర్ జుమ్లా వైభవమును గూర్చి నోరు తెఱచుకొని వ్రాసిన ఆ కంపెనీవారి ఇంటనే చూడుడు. ఎలిహు యేల్ యను నాతడు 1687 మొదలు మదరాసు కోటకు గవర్నరు. పదవిని సొంత వ్యాపారమునకు వాడుకొన్నాడను ఆరోపణలమీద 1692లో కంపెనీవారే ఆయనను తొలగించిరి. ఆయన ధనముతో స్వదేశమునకు చేరెను. అటుపిమ్మట ఆయన దానము చేసిన వస్తువులకు కృతజ్ఞతగా అమెరికాలోని యొక కళాశాలకు 1718లో ఆయన పేరు పెట్టిరి. అదియే నేటి యేల్ విశ్వవిద్యాలయము. మన పట్టణములలో సత్రములపై చెక్కిన పేర్లను చూచినప్పుడు మేము కొంచెము నిలిచి ఆలోచించుటకు ఇదియొక కారణము.

1800 అక్టోబరులో నిజాము మన సీమను కంపెనీకి దత్తము చేసెను. మన్రో కలెక్టరై ఏడేండ్లుండెను. ఆయన రైతువారీ పద్ధతిని మన పెద్దలు పొగడుచుండిరి; పొగడదగిన అంశములు కలవు. అయినను కలెక్టరు క్రింద తహశీల్దారు, వాని క్రింద గుమాస్తా, వాని క్రింద కరణము, మునసబు - ఈ నిచ్చెన మెట్లలో క్రింది మెట్టుపై నున్న రైతును అడుగువారెవరు? రాజధానిలో అడిగినవాడొక తెలుగువాడుండెను. గాజుల లక్ష్మీనరసు చెట్టిగారు మదరాసు వర్తకులు. 1852లో మదరాసు దేశీయ సంఘమును స్థాపించి, పార్లమెంటునకు అర్జీ పంపి, 1853లో డాన్బీ సేమూరను పార్లమెంటు సభ్యుని రప్పించి జిల్లాలు త్రిప్పి చూపించిరి. శిస్తు వసూలులో చిన్న యుద్యోగులు జనులను హింసించుచున్నారని తెలిసి, ప్రభుత్వము విచారణ సంఘమును వేయక తప్పినది కాదు. 1855లో వెలువడిన ఆ సంఘపు నివేదిక హింస నిజమేయని ఒప్పుకొనినది. హింస సర్కారు శిస్తునకు మాత్రమే కాదు, ఉద్యోగుల సొంత లంచములకు కూడ జరుగుచున్నదని అందు తేలినది. సర్కారు లాఠీతో సొంత వసూలు! గండికోట డేరాలోని గీత లేనితనము తాలూకా కచేరి వఱకు దిగివచ్చినది.

మన్యపు కథ మీరెఱిగినదే. అందులో ఒక్క భాగమును మాత్రము చెప్పెదము. గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియను రోడ్లు వేయించుటకు కొండజనులను బలవంతపు చాకిరికి పట్టి, తగిన కూలి యీయక పీడించెను. వారు త్రవ్వినది సర్కారు రోడ్డు. వారికి రావలసినది సర్కారు కూలి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై పడెను. ఆ తిరుగుబాటునకు కారణములు పెక్కు కలవు. పోడు కట్టడి మొదలైనవి పెద్దవి. వాటి నడుమ ఈ రోడ్డుకూలి లెక్కయు కలదని చరిత్రకారులందఱును ఒప్పుకొనిరి. రెండేండ్లు సైన్యమును దింపి సర్కారు వెచ్చించిన ధనముతో ఎన్ని రోడ్లకు సరియైన కూలి యిచ్చియుండవచ్చునో!

స్వరాజ్యము వచ్చిన పిమ్మట కథ మారవలసియుండెను. కొంత మారినది, దానిని కాదనుట అన్యాయము. మన చిన్ననాట గ్రామపు లెక్కలు కరణముగారి యింటి దూలముపైన, గుడ్డలో మూటగట్టి యుండెడివి. అడంగలులో మీ పేరుండెనో లేదో తెలిసికొనుటకు ఆ యింటి అరుగుపై చేతులు కట్టుకొని నిలువవలెను. ఊరిది లెక్క, ఇల్లు కరణముది. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము ఆ గ్రామోద్యోగములను రద్దుచేసినది. 1985లో సుప్రీము కోర్టు ఆ రద్దును సమర్థించినది. కష్టములపాలైన కరణముల కుటుంబములును కలవు. మంచి కరణములును ఉండిరి. అయినను లెక్కల మూట దూలము దిగుట మంచిదే. దిగినమూట ఎచటికి పోయెనని మాత్రము అడుగవలెను. మొదట బీరువాలోనికి, పిదప కంప్యూటరులోనికి పోయినది. బీరువాకు తాళముచెవి, కంప్యూటరునకు సంకేతపదము.

ఇక మా స్వానుభవమొకటి. ఊరి పేరు, ఉద్యోగి పేరు చెప్పము; చెప్పుట మా వృత్తిధర్మము కాదు. మన సీమలోనే, వర్షములు రాని యొక సంవత్సరమున, ఒక గ్రామపు కాలనీ జనులు వట్టి బిందెలతో మా ఇంటికి వచ్చిరి. ఆ వేసవిలో సర్కారు త్రాగునీటిని ట్రాక్టరు ట్యాంకర్లతో తోలించుచుండెను. ట్యాంకరువానికి ట్రిప్పునకు ఇంతయని పైకము. ట్రిప్పు చీటీపై ఊరి ఉద్యోగి సంతకము చేయవలెను. చీటీలను పుస్తకములో నెక్కించి బిల్లు చేయుదురు. మేము సమాచార హక్కు చట్టము క్రింద ఆ పుస్తకమును చూపుడని దరఖాస్తు పెట్టితిమి. ముప్పది దినములు గడిచినవి, బదులు లేదు. అప్పీలు చేసిన పిమ్మట పుస్తకము బయటపడినది. కాలనీకి దినమునకు నాలుగు ట్రిప్పులని వ్రాసియున్నది. కాలనీవారు చూచినవి రెండు. తక్కిన రెండు ఎచటికి పోయెనని మేము అడుగగా, వెనుక నిలుచున్న యొక ముసలమ్మ, "మా బిందెలకు యాడొచ్చినాయి నాయనా, సారు వాళ్ళ తోటలో చీనీచెట్లు తాగినాయి" అనెను. పుస్తకము చదువుటకు మాకు నెలన్నర పట్టినది. ఆమెకు మొదటి దినముననే తెలియును.

ఆ తోట ఉద్యోగి పేర లేదు; బావమఱది పేర నున్నది. బెర్నియరు చెప్పిన అనేకుల పేర్లు! విచారణలో ఆ ఉద్యోగి చెప్పిన సమాధానమును మేము మఱువలేము. "చెట్లెండిపోయినయెడల ఆ నష్టము ఎవరిచ్చెదరు?" అనెను. ఆయన అబద్ధమాడలేదు, తప్పు చేసితినను తలంపే ఆయనకు లేదు. తన తోట కష్టము సర్కారు కష్టమేయని ఆయన హృదయపూర్వకముగా నమ్మెను.

చట్టము మాటకు వత్తుము. 1860 నాటి శిక్షాస్మృతిలో 168వ సెక్షను, వ్యాపారము చేయరాదని నిర్బంధము గల ఉద్యోగి వ్యాపారము చేయుటను నేరమనెను. 169వది, కొనరాని ఆస్తిని తన పేరనో, పరుల పేరనో కొనుటను నేరమనెను. 409వది, తనకప్పగించిన సొత్తును కాజేసిన ఉద్యోగికి యావజ్జీవ శిక్ష వఱకు విధింపవచ్చుననెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవియే 202, 203, 316 సెక్షన్లుగా నిలిచినవి. అవినీతి నిరోధక చట్టము 1947లో నొకటి, 1988లో నొకటి. మన రాష్ట్రమునకు లోకాయుక్త చట్టము 1983లో వచ్చినది. అవినీతి నిరోధక శాఖ 1961 నుండి యున్నది. మీర్ జుమ్లాను నేడు పట్టుకొన్నయెడల ఆయనపై మోపుటకు సెక్షన్లు చాలవని యెవరును అనలేరు. కాని 1988 చట్టములోని 19వ సెక్షను, ప్రాసిక్యూషనునకు ప్రభుత్వపు అనుమతి కావలెననుచున్నది. 2018లో చేరిన 17ఏ సెక్షను, ఉద్యోగి అధికార నిర్ణయములపై దర్యాప్తునకే ముందనుమతి కావలెననుచున్నది. నిజాయితీపరులను అల్లరిపెట్టకుండుటకై ఇవి పుట్టినవందురు. ఆ భయము నిరాధారము కాదు. అయినను అనుమతి యిచ్చు చెయ్యి, ఆ తివాసీకి ఎంత దూరమున నున్నదో చూడవలెను గదా.

మా కేసు ఏమయ్యెనందురా? ట్రాక్టరు డ్రైవరు మాకు అంతయు చెప్పెను. వాఙ్మూలమునాటికి ఏమియు జ్ఞాపకము లేదనెను. అతనిని మేము నిందింపము. మఱునాడు అతడు పనికి పోవలసినది ఆ ఊరికే. కొంత పైకము ట్యాంకరు యజమానినుండి రాబట్టిరి. ఉద్యోగికి బదిలీ అయినది. క్రిమినలు కేసు నిలువలేదు. ఓడితిమి.

ఓడిన పిమ్మట మేము ఆలోచించుకొంటిమి. కోర్టులో సాక్షి ఒంటరిగా బోనెక్కవలెను, అందుచేత భయపడెను. అదే పుస్తకమును కాలనీలో అందఱి నడుమ చదివియున్నచో? 2006లో మనకు ఇరుగుపొరుగైన అనంతపురము జిల్లాలో ఉపాధి హామీ పనులపై జరిగిన సామాజిక తనిఖీ ఈ విధముననే సాగినది. మస్టరు పుస్తకమును తీసికొని ఊరూర తిరిగి, కూలీల ఇంటిముందఱ వారి పేరు చదివి, నీవు ఇన్ని దినములు పని చేసితివా, ఇంత కూలి ముట్టినదా యని అడుగుట; పిదప అధికారుల ఎదుట బహిరంగ సభలో ఆ జవాబులను చదువుట. చనిపోయినవారు పనిచేసినట్లును, పట్టణమునకు వలసపోయినవారు వేలిముద్రలు వేసినట్లును ఇట్టి తనిఖీలలోనే బయటపడుచు వచ్చెను. 2009లో రాష్ట్రము దీనికై ప్రత్యేక సంస్థను నెలకొల్పినది. వసూలు కావలసిన ధనమంతయు వసూలు కాలేదు, శిక్షలు కొద్ది. అది లోపమే, పెద్ద లోపమే. కాని అచట సాక్షి ఒంటరి కాలేదు. నూర్గురు నడుమ, "నేను చేయలేదు, నాకు ముట్టలేదు" అని కూలిమనిషి చెప్పినప్పుడు ఏ ఒక్కరిపై కోపగించుకొందురు?

మీలో కొందఱు నవ్వుకొనుచుండవచ్చును: ఉద్యోగులనందురు గాని, ప్లీడర్ల మాటేమని. అడుగవలసినదే. మా సంఘమునకు చందాలతో కొన్న జిరాక్సు యంత్రమొకటి కలదు. సమాచార హక్కు దరఖాస్తులు, పుస్తకముల నకళ్ళు తీయుటకై దానిని కొంటిమి. అది మా ఆఫీసు గదిలోనే యుండుటచేత, కోర్టునకు పోవు తొందరలో మా సొంత కేసుల కాగితములను కూడ దానిపైననే తీయించుచు వచ్చితిమి. ఎన్ని నెలలో చెప్పుటకు సిగ్గగుచున్నది. ఒకనాడు యంత్రము దగ్గఱ కూర్చుండు పిల్లవాడు కాగితములు చేతపట్టుకొని, "సార్, ఇవి సంఘానివా, మీవా? పుస్తకములో ఎట్ల రాయాల?" అని అడిగెను. వాడు ఆరోపణ చేయలేదు. నిజముగా తెలియక అడిగెను. మాకు ఆ డేరా, ఆ తివాసీ, వ్రేళ్ళ సందులలోని జాబులు కన్నులయెదుట నిలిచినవి. ఆ దినమున పాత కాగితములన్నిటిని లెక్కించి, బజారు ధర చొప్పున పైకము సంఘమునకు కట్టితిమి. కట్టితిమని గొప్పకు చెప్పుట లేదు. పిల్లవాడు అడుగకున్న కట్టియుండెడివారము కాము.

1929 ఏప్రిలులో, ఖద్దరు నిధికై ఆంధ్రదేశమంతయు తిరుగుచున్న దినములలో, గాంధీ మహాత్ముడు తన నవజీవన్ పత్రికలో నొక వ్యాసము వ్రాసెను. ఆశ్రమమునకు ఎవరో ఇచ్చిన నాలుగు రూపాయలను కస్తూరిబాయమ్మగారు కార్యాలయమున నప్పగింపక తనయొద్ద నుంచుకొనిరట. ఆ సంగతిని, ఆశ్రమమున జరిగిన మఱికొన్ని పొరపాట్లతో గూడ, ఆయన లోకమునకంతటికి ప్రకటించెను. భార్యను నలుగురిలో నిలుపుట క్రూరమని ఆనాడే అనుకొన్నవారుండిరి. మాకును ఆ వ్యాసము పూర్తిగా రుచింపదు. ఒక్కటి మాత్రము మఱువలేము. ఊరూర స్త్రీలు గాజులు తీసి చేతిలో పెట్టుచున్న దినములవి. ఆ నిధికి తన యింటి నాలుగు రూపాయల లెక్క చెప్పనివాడు తగడని ఆయన తలచియుండవలెను.

"అందఱును చేయునదే" అని మీరనెదరు. ఈ మాటను మేము వినని దినము లేదు. సర్కారు జీపులో ఉద్యోగి కుమార్తె పెండ్లికి సామాను వచ్చును. ఊరివారు దానిని చూచి మర్యాదగా ప్రక్కకు తొలగుదురు. పంచాయతీ నౌకరు పంచాయతీ జీతముపై పెద్దమనిషి ఇంటి పశువులకు గడ్డి వేయును. అది వాని అదృష్టమందురు, పెద్దవారి ఆశ్రయము దొరికినదని. బడికి వచ్చిన సిమెంటు బస్తాలలో రెండు ఎవరి అరుగుకో చేరును. ఇవి చిన్నవి. చిన్నవియగుటచేతనే ఎవరును నోరెత్తరు. ఒక్కొక్క ఊరిలో కొలది కొలదిగా తీసిన నీరు కూడినచో మీర్ జుమ్లా వజ్రముల సంచులకంటె తక్కువ తూగదని మా యూహ. అది ఎవరును తూచి చూడని తూకము.

ఈ వేసవిలో మన మండలమున తోలించిన ట్యాంకర్ల ట్రిప్పు పుస్తకమును చూచుటకు మేమొక దరఖాస్తు వ్రాసియుంచితిమి. చట్టములోని రెండవ సెక్షను ప్రకారము పుస్తకమును మనము వెళ్ళి స్వయముగా చూడవచ్చును, నకళ్ళు తీసికొనవచ్చును. గడువు దాటిన దినమొక్కంటికి ఇన్నూటయేబది రూపాయల జరిమానా విధించు సెక్షనును కలదు. ఇది ఎవరిపైనను ఫిర్యాదు కాదు. లెక్క సరిగానున్నయెడల ఆ ఉద్యోగి పేరు సభలో చదివి మెచ్చుకొందము; అట్టివారిని మేమెఱుగుదుము. చూచిన లెక్కను ప్రతి కాలనీలోను, రావిచెట్టు క్రిందనో, గుడి అరుగుపైననో, మసీదు ముంగిటనో బిగ్గరగా చదువవలెను. దానికి ఊరికి ఇద్దఱు చొప్పున కావలెను. చదువురానివారు తప్పక రావలెను, ముఖ్యముగా స్త్రీలు రావలెను. ట్రిప్పులు ఎన్నియో మాకు కాగితములో కనబడును. బిందెలు ఎన్నియో వారికి తెలియును.

పేర్లు వ్రాయు కాగితము ఈ బల్లమీద నున్నది. దరఖాస్తునకు ముప్పది నకళ్ళు తీసితిమి. పిల్లవాడు అడుగకముందే పుస్తకములో సంఘపు ఖాతాక్రింద వ్రాయించితిమి. ఇవి సంఘపు కాగితములే.